జంట కార్బ్యురేటర్లకు శ్రుతి

నానబెట్టిన చింతపండుతో ఇత్తడి కుందులు తోముతుంటే ఒక పుల్లటి వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలితే అందరికీ పూజ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం పెట్రోలు గుర్తొస్తుంది. మొన్న మా కోడలు పెరట్లో కూర్చుని కుందులు తోముతూ, "ఏందత్తా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" అంది. ఒక్క ముక్కలో తేలే విషయం కాదు కనుక తర్వాత చెబుతానన్నాను. అది చెప్పాలంటే ముందు మునెయ్య మామ సంగతి చెప్పాలి. ఆయన్ను చూడనివాళ్లకు ఆయన్ను గురించి చెప్పబోతే అంతా కోతలనుకుంటారు. నిజానికి కోతలు కోసింది ఆయన, నేను కాదు.

ఎనభైల మొదట్లో చిత్తూరులో మా అద్దె ఇంటి గోడకు ఆనుకునే ఆయన షెడ్డు ఉండేది. అప్పటికి నేను తిరుపతిలో వయొలిన్ నేర్చుకుని, అక్కడే పిల్లలకు పాఠాలు చెబుతూ, రోజూ బస్సులో పోయి వస్తున్నాను. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయనే వరస కలిపి మామ అయిపోయాడు, నన్ను అమ్మణ్ణీ అని పిలవడం మొదలుపెట్టాడు. తన గొప్ప తానే చెప్పుకునేవాడు, ఎదుటివాళ్లకు ఆ శ్రమ పెట్టేవాడు కాదు. "ఇంజను గొంతు ఇని రోగం చెప్పేవాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే ఉండేది" అనేవాడు. ఆయన భార్య దొరసానమ్మత్త వెంటనే, "ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు మాత్రం నేనే బాగుచేసుకోవాల" అని అందుకునేది.

ఆ ఏడు కార్వేటినగరం నుంచి ఒక పెద్దాయన తన పాత ఇంగ్లండు కారును లారీ మీద వేయించుకొచ్చి షెడ్డులో వదిలిపోయాడు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పట్టించే భాగాన్ని కార్బ్యురేటర్ అంటారు. మామూలు కార్లకు అది ఒకటే ఉంటుంది, ఈ కారుకు పక్కపక్కనే రెండు ఉండాలి. ఒకటి పగిలిపోయింది, రెండోదాన్ని ఎవరో ఊడబెరుక్కుని పోయారు. కొత్తవి దొరికే కాలం ఎప్పుడో దాటిపోయింది. సరిగ్గా ఆ వారమే మామ కొడుకు దామోదరం గూడూరు నుంచి వచ్చాడు. అంతకుముందు ఒక లారీ ఇంజనులో లోపల కొట్టుకుంటున్న చప్పుడును మామ పట్టుకోలేకపోయాడనీ, అది నడిదారిలో నిలిచిపోయిందనీ ఎవరో అతనికి చేరవేశారు.

"చాల్లే నాయనా, నీకు వయసైపోయింది. షెడ్డు ఎరువులంగడికి బాడుగకిస్తాం" అన్నాడు దామోదరం.

మామ మొహం ఎర్రబడింది. "ఆయుధపూజనాటికి ఈ కారు గుర్రం మాదిరి పరిగెత్తకపోతే తాళంచెవి నీ చేతిలోనే పెడతా, పో!" అన్నాడు. దామోదరం వెళ్లాక అత్త మా గోడ దగ్గరికి వచ్చి, "షెడ్డు మూస్తే ఈయన పొద్దస్తమానం ఇంట్లోనే కూచుంటాడు గదమ్మా, నా గతేం గాను?" అని వాపోయింది. నవ్వుతూనే అన్నా ఆమె కళ్లలో భయం కనిపించింది. ఆ షెడ్డు లేని మునెయ్య మామను ఆమే కాదు, మా వీధిలో ఎవరూ ఊహించుకోలేరు.

మర్నాడు ఆయన నాతోపాటే తిరుపతి బస్సెక్కాడు. పాఠానికి ఇంకా సమయం ఉండటంతో ఆయన వెంట పాత ఇనుప సామాన్ల అంగడికి పోయాను. అంగడివాడు రెండు కార్బ్యురేటర్లు తెచ్చి, "ఒకే బండివి సామీ, అచ్చమైన జత" అని ఒట్టు పెట్టుకున్నాడు. మామ వాటిని పక్కపక్కన పెట్టి చూశాడు. ప్రతిదానికీ ఒక పక్కన పెట్రోలు నిలవుండే చిన్న డబ్బా ఉంటుంది. జతలో ఒకదానికి అది ఎడమవైపుంటే రెండోదానికి కుడివైపుండాలి. అంగడివాడు తెచ్చినవాటికి రెండింటికీ ఎడమవైపే ఉంది.

"రెండూ ఎడంకాలి చెప్పులే ఇచ్చి జత అంటావేందప్పా? నేనేమన్నా కుంటోణ్ణా?" అన్నాడు మామ.

అంగడివాడు నవ్వేసి, లోపలి గుట్టంతా తవ్వి అసలు జోడీని బయటికి తీశాడు. మామ వాటి మీద జిడ్డు గీకి అంకెలు చూశాడు, కడ్డీలు పట్టుకుని ఊపి చూశాడు, చివరికి వాసన కూడా చూశాడు. సాయంత్రం బస్సులో నా ఒళ్లో వయొలిన్ పెట్టె, ఆయన ఒళ్లో గుడ్డలో చుట్టిన కార్బ్యురేటర్లు. కండక్టరు దానివైపు అనుమానంగా చూస్తే, "కవలపిల్లలప్పా, నిద్రపోతా ఉండారు" అన్నాడు.

వాటిని విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, తుప్పు వదిలించడానికి చాలా రోజులే పట్టింది. ఒక్కోదానికి పైన గంట ఆకారంలో ఒక మూత, ఆ మూతలో పైకీ కిందికీ జారే పిస్టను ఉంటాయి. ఏ మూత పిస్టను ఆ మూతలోనే జారుతుంది, మారిస్తే ఇరుక్కుంటుంది. అందుకే ఆయన ఒక మూతనూ దాని పిస్టనునూ కిటికీ కింద, రెండో మూతనూ దాని పిస్టనునూ తలుపు దగ్గర విడివిడిగా పెట్టుకున్నాడు. పండగ దగ్గరపడటంతో అత్త ఇల్లంతా కడిగింది. షెడ్డులో గంటల్లాంటివి కనబడేసరికి పూజసామానుతోపాటు వాటినీ పిస్టన్లనూ కలిపి చింతపండుతో తోమి, పసుపుకుంకుమలు పెట్టి, పీట మీద వరసగా బోర్లించింది.

అది చూసి మామ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "వాటికి మొగుళ్లని మార్చేస్తివి గదే!"

"మురికిగా ఉంటే ఆయుధపూజలో ఎట్ల పెట్టేది? తళతళా మెరుస్తా ఉండాయి, సూడు" అంది అత్త, తప్పంతా ఆయనదే అన్నట్టు.

ఆయన గొణుక్కుంటూనే కూర్చుని, మూతను తిరగేసి, రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి, పిస్టనును లోపలికి వదిలాడు. అది సగంలో ఆగిపోయింది. రెండోదాన్ని వదిలితే నిదానంగా, ఎక్కడా తగలకుండా జారింది. "ఇదీ సంసారం" అన్నాడు తృప్తిగా. పసుపుకుంకుమలు మాత్రం తుడవలేదు.

పండగ ముందు రోజు సాయంత్రం వాటిని కారుకు బిగించి ఇంజను ఆన్ చేశాడు. ఇక మిగిలింది రెండింటినీ సమం చేయడం. దానికి ఆయన పద్ధతి ఒకటే. రబ్బరు గొట్టం ఒక కొసను చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి, అది గాలి పీల్చే బుసను వింటాడు. రెండు బుసలూ ఒకేలా ఉండేదాకా మరలు తిప్పుతాడు. ఆయన విని, తిప్పి, "బేషుగ్గా ఉండాది" అన్నాడు. గోడ ఇవతల ఉన్న నాకేమో ఇంజను కుంటుతూ వినబడుతోంది. నోరు ఊరుకోదు కదా, "మామా, ముందుది ఈల వేస్తోంది, వెనకది మూలుగుతోంది" అన్నాను.

ఆయన ఇంజను ఆపేశాడు. "ఇట్ల రా అమ్మణ్ణీ" అన్నాడు. వెళ్లేసరికి పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. "ఎడమ చెవి ఎప్పుడో పోయినాది. కుడిది ఉగాది కాడినించి మొండికేస్తా ఉండాది. మాటలు ఇనపడతాయి, ఈ సన్న బుస మాత్రం అందదు."

"అత్తకు తెలుసా?"

"ఆమె మాట్లాడేదానికి నా చెవులతో పనేముండాది?" అని నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. నేను గొట్టం తీసుకుని చెవిలో పెట్టుకున్నాను.

వయొలిన్ శ్రుతి చేసే అలవాటుకొద్దీ, తగ్గినదాన్ని హెచ్చినదాని దగ్గరికి తెమ్మన్నాను. ఇంజను వీధి అదిరేలా అరిచింది. "అది కాదు అమ్మణ్ణీ. తక్కువదాన్ని ఎక్కువదాని కాడికి ఈడ్సొద్దు. రెంటినీ కిందికి దించి ఆడ కలుపు. నీ మనసులో ఉండే పాట ఇనొద్దు, అది ఏం చెప్తాదో అదే ఇను" అన్నాడు. దీపాలు పెట్టేవేళకు రెండు బుసలూ కలిశాయి. ఈ సంగతి మన మధ్యే ఉండాలని ఒట్టు వేయించుకున్నాడు.

పొద్దున్నే దామోదరం దిగాడు. కారుకు దండ వేసి, నిమ్మకాయలు పెట్టి, మామ ఇంజను ఆన్ చేశాడు. రాత్రి చల్లదనానికో, మర వదులయ్యో, అది మళ్లీ కుంటింది. "అదిగో" అన్నాడు దామోదరం. వీధిలో సగం మంది షెడ్డు ముందే ఉన్నారు. మామ గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. నేను గోడ ఇవతలే నిలబడి చూస్తున్నాను. ఏదో ఒక మర తిప్పి, బాగుందని చెప్పి ఆ పూటకు గట్టెక్కవచ్చు. ఆయన గొట్టాన్ని చెవిలోంచి తీసి, అందరికీ వినబడేలా కేకేశాడు.

"అమ్మణ్ణీ, ఈడికి రా! నాకు ఇనపడలేదు."

పట్టుచీరతో పరిగెత్తాను. నేను వింటూ "ఇంకొంచెం... చాలు" అంటుంటే ఆయన మర తిప్పాడు. క్రమంగా ఇంజను కుదుటపడి, సాఫీగా పాడుతున్నట్టు ఆడసాగింది. అత్త నీళ్లచెంబు తెచ్చి బానెట్టు మీద పెడితే ఒక్క చుక్క తొణకలేదు.

దామోదరం తండ్రినే చూస్తున్నాడు. "నీ చెయ్యి పడిపోయిందనుకుంటి నాయనా."

"చెయ్యి యాడికి పోతాదిరా? పోయింది చెవి. చెప్తే మూసేయమంటావని చెప్పలా."

దామోదరం గొట్టం నా చేతిలోంచి తీసుకుని తనూ విన్నాడు. ఎరువులంగడి మాట ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. మామ సిగ్గు కూడా ఆ రోజుతోనే పోయింది. దారిన పోయే పూలమ్మినీ, టపా ఇచ్చే మనిషినీ ఆపి, "కాస్త ఇది ఇని పొండప్పా" అని చెవికి గొట్టం తగిలించేవాడు. షెడ్డు ఆయన ఉన్నన్నాళ్లూ నడిచింది.

సంగీతం చెప్పేవాళ్లకు చెవి తగ్గిందంటే వంట చేసేవాళ్లకు నాలుక పోయినట్టే. అందుకే ఈమధ్య నా చెవి తగ్గడం మొదలైతే నేనూ కొన్నాళ్లు దాచాను. పోయిన నెల పాఠంలో ఒక పిల్ల పై తంతి మీద వాయిస్తుంటే వేళ్లు కదలడం కనబడింది, స్వరం అందలేదు. అలవాటుగా "బాగుంది" అనబోయాను. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది.

"అమ్మా, పై స్వరాలు నాకు వినబడటం లేదు. ఇలా దగ్గరికి వచ్చి కూర్చో. నువ్వు విని చెప్పు, ఎలా సరిచేయాలో నేను చెబుతాను" అన్నాను.

పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత చాప లాక్కుని నా పక్కకు జరిగి, కళ్లు మూసుకుని, కమాను మళ్లీ తంతి మీద పెట్టింది.