చింతకాయలు కోసిన ఫైనల్

నేను నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజులు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో నేనే పొడగరిని. బోర్డుకు తాకించి వేసే లేఅప్ నేర్చుకోమని కోచ్ ఎంత మొత్తుకున్నా, నా మోజంతా ఎగిరి బంతిని నేరుగా రింగులో కుక్కే డంక్ మీదే.

ఫైనల్ చూడ్డానికి అమ్మ నాదెండ్ల నుంచి వచ్చింది. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడ్డాం. బంతి నాకందింది. ఎగిరి రింగులో కుక్కి, అక్కడే వేలాడుతూ చప్పట్ల కోసం చూశాను. అమ్మ కేక వినబడింది.

"ఒరేయ్, చింతకాయలు కోస్తన్నావేందిరా? బంతి అటు పోయింది, దిగు!"

రింగు అంచుకు తగిలి బంతి ఎగిరిపోయిందట! జనం ఒకటే నవ్వు. సిగ్గుతో దిగి పరుగెత్తాను. అదృష్టం, అవతలివాళ్లూ గురి తప్పారు. మళ్లీ బంతి అందగానే బుద్ధిగా లేఅప్ వేశాను. గెలిచాం!

కోచ్ అమ్మకు దండం పెట్టి, "మూడేళ్లుగా నా వల్ల కాలేదమ్మా" అన్నారు.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఎవడు రింగుకు వేలాడినా నా నోటివెంట చింతకాయలే రాలతాయి.