అవ్వను నేలకు దించడం

పట్నం దవాఖానలో మా అవ్వ ఇనుప మంచం మీద ఉండేది కాదు. డెబ్బైల చివరి సంగతి. అవ్వ అంటే నా కన్నతల్లి. కడుపులో గడ్డ అని జహీరాబాదు నుంచి తీసుకుపోయి చేర్చాము. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి గచ్చు మీద కొంగు పరుచుకుని పడుకునేది. నర్సమ్మ, ఆయా కలిసి పైకెత్తేవారు. మళ్లీ దిగేది.

“ఇంకోసారి దిగితే కాళ్లు కట్టేస్త” అన్నాను.

“కట్టెయ్ బిడ్డా. కింద పండవెట్టి కట్టెయ్” అంది.

మా వైపు ప్రాణం మంచం మీద పోకూడదంటారు. గడియ దగ్గరపడితే మనిషిని నేలకు దించుతారు. రాత్రిళ్లు మమ్మల్ని వార్డులో ఉండనివ్వరు. అదీ ఆమె భయం.

కోసినా లాభం లేదని డాక్టరు చెప్పాడు. నొప్పికి మందు రాసిస్తాను, ఉంచుతారో తీసుకుపోతారో మీ ఇష్టం అన్నాడు.

“తీస్కపోతే జనం ఏమంటరక్కా? సావనీకే తెచ్చిన్రంటరు” అన్నాడు తమ్ముడు.

“ఆ జనం వచ్చి గంజి తాపుతరా?” అన్నాను వాడితో. అవ్వను అడిగాను, ఇంటికి పోదామా అని.

“గడియ దగ్గరవడ్డ యాళ్లకు దించుతవా?”

“దించుత.”

జహీరాబాదులో మా ఇంట్లో నేల అలికి చాప పరిచాను. ఆమె చాపను చూసి మొహం తిప్పుకుంది.

“చలికి నడుం గుంజుతున్నది. మంచమెయ్యి.”

నాకు ఒళ్లు మండింది. “ఆడ పరుపుంటే దిగితివి. ఈడ నులక మంచం గావాల్నా?”

“ఆడ దించేటోళ్లెవరే? ఈడ నువ్వున్నవ్ గద.”

ఆ మాటతో నా నిద్ర పోయింది. ఆమె కునుకు తీసినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం చేతులు చల్లబడ్డాయి, పిలిస్తే పలకలేదు. తమ్ముడూ నేనూ కిందికి దించాము. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. ఒకామె తులసి నీళ్లు పోయబోతే అవ్వ కళ్లు తెరిచింది.

“గంత తొందరేందే? ముందుగాల జర ఛాయ్ పొయ్యి.”

అందరూ నవ్వారు. మళ్లీ మంచమెక్కించాము. పోతూ పోతూ ఆ తులసి నీళ్లామె, “తల్లిని పంపనీకి బిడ్డకే తొందరున్నది” అంది. ఆ మాట మాత్రం పోలేదు.

తర్వాత కొన్నాళ్లకు, పొద్దున అలుకు ఇంకా ఆరకముందే, ఆమె ఊపిరి మారింది. పొయ్యి మీద ఛాయ్ నీళ్లు పెట్టి వచ్చి మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. చేతులు రాలేదు.

“ఆగక్కా, మొన్నటి లెక్కనే అయితది” అన్నాడు తమ్ముడు.

అవ్వ చేయి పట్టె మీది నుంచి జారింది. వేళ్లు కిందికి వెతుకుతున్నాయి. నేల అందడం లేదు.

“పట్టు” అన్నాను.

బొంతతో సహా ఎత్తి దించాము. మనిషిలో బరువే లేదు. తడి అలుకు మీద అరచేయి పూర్తిగా పరిచింది. కొంచెం సేపు ఊపిరి ఆడింది, ఆగింది.

నేను కదలకుండా కూర్చున్నాను. మళ్లీ ఛాయ్ అడుగుతుందేమోనని చూశాను. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి. కట్టెలు ఊరికే కాలుతున్నాయని తెలిసి కూడా లేవలేదు.