రొట్టె మానేసిన తోడికోడలు

అలెగ్జాండ్రియాలో తోడికోడళ్ళిద్దరికీ షుగరే. బహియ్యకు ఎంతకీ దిగదు, చిన్నది ఇన్సాఫ్‌కు ఇట్టే దిగింది. రొట్టె, అన్నం మాని గుడ్లూ చేపలతో బతుకుతోంది మరి. డాక్టరు తిడతాడని ఆ సంగతి దాచింది. ఒళ్ళంతా చెమటలు పట్టి వణుకుతున్నా మాత్రలు మాత్రం తగ్గించలేదు.

డాక్టరు ఆమెను మెచ్చుకుంటుంటే బహియ్య కడుపు రగిలింది.

"రొట్టెకి బతుకని పేరు పెట్టుకున్న దేశం మనది. ఈవిడ ఆ బతుకునే వదిలేసింది నాయనా. చెమటలు పట్టి వణుకుతున్నా నోరు విప్పదు. నాలుగు చీవాట్లు పెట్టు."

డాక్టరు చీవాట్లు పెట్టలేదు.

"ముందే చెప్పాల్సిందమ్మా. ఈ తిండికి ఇన్ని మాత్రలు వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు," అని సగం తగ్గించేశాడు.

"అక్కా, నన్ను బతికించావు," అంటూ ఇన్సాఫ్ బహియ్య చెయ్యి పట్టుకుంది.

బహియ్య చెయ్యి విదిలించుకుంది. "మాత్రలు కూడా నీకే తగ్గాలా?"