కుర్చీ బయట విడిచి రమ్మన్నారు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలు బోలెడున్నాయి గానీ, పప్పు ఏరడంలో దేముడమ్మకు సరితూగే మనిషి ఎక్కడా లేదని యజమాని గణపతిరావే పదిమందిలో అనేవాడు. పొట్టు వలిచిన పప్పు ముందు పోస్తే గుండు ఒక పక్కకీ, బద్ద ఒక పక్కకీ, ముక్క ఇంకో పక్కకీ చకచకా పోయేవి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. హాలులో మూడో వరస చివర, కిటికీ పక్కన ఆవిడ చోటు. ఆవిడ రాని రోజున కూడా అక్కడ ఇంకొకరు కూర్చునేవారు కాదు.

నిరుడు మాఘమాసంలో పనికి వస్తూండగా హైవే మీద షేర్ ఆటో బోల్తా పడింది. అందులో ఉన్న తొమ్మిదిమందికీ దెబ్బలు తగిలాయి. ఎనిమిదిమంది లేచి నిలబడ్డారు, దేముడమ్మ లేవలేదు. వెన్నుపూస విరిగి లోపలి నరాలు నలిగిపోయాయనీ, నడుం కింద ఇక కదలికా ఉండదు, స్పర్శా ఉండదనీ విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పేశారు. ఆపరేషన్ అయ్యాక అక్కడే ఒక పునరావాస కేంద్రంలో ఐదు నెలలు ఉంది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి తనంతట తాను జరగడం, నాలుగు గంటలకోసారి సన్నని గొట్టంతో మూత్రం తీసుకోవడం, పావుగంటకోసారి రెండు చేతులూ కుర్చీకి ఆనించి ఒళ్లు పైకెత్తడం, అన్నీ నేర్చుకుంది. ఆ ఎత్తడం మానేస్తే కూర్చున్నచోట చర్మం చితికి పుండు పడుతుంది. స్పర్శ లేదు కాబట్టి పుండు పడిన సంగతి కూడా తెలియదు.

ఆ కేంద్రంలో అరుణశ్రీ అని చీపురుపల్లి అమ్మాయి ఉంది. నయమైనవాళ్లను తిరిగి పనిలో నిలబెట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఇంటికెళ్లాక ఏం చేస్తారని అడిగితే నా పనే చేస్తానంది దేముడమ్మ. పక్క మంచాలవాళ్లు నవ్వారు. అరుణశ్రీ నవ్వలేదు. పప్పు ఏరడానికి కావలసింది కళ్లూ చేతులూ, ఆ రెండూ నిక్షేపంగా ఉన్నాయి కదా అంది.

ఇంటికొచ్చాక చూస్తే ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒకటే సలహా: బడ్డీకొట్టు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ కాఫీ తాగి, అయ్యో అని, బడ్డీకొట్టు పెట్టుకోమని చెప్పి వెళ్లారు. కాళ్లు పోయినవాళ్లంతా బిస్కెట్లూ షాంపూ పొట్లాలూ అమ్ముకు బతకాలని ఎవరు రాసిపెట్టారో నాకైతే తెలియదు. మొగుడు కూర్మయ్య ఏకంగా రేకులు బేరమాడి వచ్చాడు. దేముడమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నాకు బేరాలు సెయ్యడం రాదు. పప్పు ఏరడం వచ్చు. వచ్చిన పని మాని రాని పని సెయ్యమంతావేటి?" అంది. కూర్మయ్య మళ్లీ రేకుల ఊసెత్తలేదు.

అరుణశ్రీ గణపతిరావుకు ఫోన్ చేసింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా మనిషే కదా, పంపించండి అన్నాడు. మాట వరసకు అనలేదు. గుమ్మం ముందు మెట్లు కొట్టించి సిమెంటు వాలు పోయించాడు, మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టేలా వెడల్పు చేయించాడు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది, ఆయన్ని నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

దసరా వెళ్లాక మంచిరోజు చూసుకుని దేముడమ్మ పనికి వచ్చింది. వాలు మీద కుర్చీ ఎక్కుతుంటే గణపతిరావు ఫొటో తీయించాడు. గుమ్మం దగ్గరకు వచ్చేసరికి బండి ఆగింది.

ఆ హాలులోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు. తినే సరుకు, పైగా లక్ష్మి. గణపతిరావు కూడా గుమ్మంలో చెప్పులు విడిచే లోపలికి వస్తాడు. గుమ్మం పక్కన ఎప్పుడూ వంద జతల గుట్ట ఉంటుంది. హాలుకు పెద్ద మేస్త్రి బుల్లమ్మ, దేముడమ్మకు వదిన వరస. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వారం వారం ఫోన్ చేసి ఏడ్చిన మనిషి. ఆవిడ ముందు దేముడమ్మ మొహం చూసి నవ్వింది, తరవాత చక్రాల వంక చూసింది.

"కుర్సీ ఆడ ఇడిసీయే. నిన్ను మేం ఎత్తుకెల్లి కూకోబెడతాం."

చక్రాలు తుడిచేస్తే సరిపోతుంది కదా అంది దేముడమ్మ. రోడ్డు మీద తిరిగినవి, చెప్పులూ అవీ ఒకటే అంది బుల్లమ్మ. కుర్చీని చెప్పుల గుట్ట పక్కన పెట్టి, ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులు వేసి ఆవిణ్ణి లోపలికి మోసుకెళ్లి, గోనెసంచి మడతపెట్టి దాని మీద కూర్చోబెట్టారు. చేతిలోకి పప్పు వచ్చేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, అది అబద్ధం కాదు. కానీ నేల మీద చేతులు ఆనించి ఒళ్లెత్తడం కుదరలేదు. ముందుకు వంగితే పక్కకి ఒరిగిపోయేది. కుర్చీలో వేసుకోవలసిన మెత్త కుర్చీతో పాటే బయట ఉండిపోయేది, దాని మీద కూర్చుంటే నేల మీద నిలకడ ఉండేది కాదు.

మూడు వారాలకు కూర్మయ్య స్నానం చేయిస్తూ నల్లగా కమిలిన చోటు చూశాడు. అది పుండై, లోతుకు దిగింది. రెండున్నర నెలలు దేముడమ్మ బోర్లా పడుకుంది. చెప్పాం కదా, బడ్డీకొట్టే మేలు అన్నారు ఊళ్లో. కమలాపళ్లు పట్టుకుని బుల్లమ్మ వస్తే, తలగడలోంచి మొహం పక్కకు తిప్పి, నా కుర్చీలోనే కూర్చుంటాను, ఎదర ఒక బల్ల వేయండి, చక్రాలు తుడవండి, ఇంకేం వద్దు అని చెప్పింది. ముందు నీకు తగ్గనీ అంది బుల్లమ్మ, పండు వలుస్తూ.

అరుణశ్రీ స్వయంగా పలాస వచ్చి గణపతిరావుకు ఆ మాటే చెప్పి వెళ్లింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. కుర్చీ ఎత్తుకు సరిపడా మంచి టేకుబల్ల చేయించాడు. చేయించి, దాన్ని వరండాలో వేయించాడు, చెప్పుల పక్కన. ఇక్కడైతే గాలి బాగా వస్తుందన్నాడు.

ఏరే పప్పు బయటికి రాకూడదు. అందుకని ఆవిడకి డబ్బాల మీద లేబుళ్లు అంటించే పని ఇచ్చారు. పద్దెనిమిదేళ్లు పప్పు ఏరిన చేతులకి జిగురు. ఆవిడ చోటులో ఇప్పుడు రాజకుమారి అని కొత్తగా చేరిన పిల్ల కూర్చుంటోంది. కిటికీలోంచి ఆ పిల్ల గుండులో బద్ద పడేయడం కనిపిస్తుంటే దేముడమ్మకు చేతులు దురద పెట్టేవి. పొద్దున్న వచ్చిన ప్రతి మనిషీ చెప్పులు విడుస్తూ బాగున్నావా అనేది, కొత్త జత కొనుక్కున్నవాళ్లు మాత్రం ఇంకొక మాట అనేవారు: "సెప్పులు కాస్త సూత్తండే, పిన్నీ."

లోపలికి పంపమని బుల్లమ్మను అడిగితే బాబుని, అంటే గణపతిరావుని, అడగమనేది. బాబుని అడిగితే హాలు బుల్లమ్మది, ఆమె ఇష్టం అనేవాడు. ఇద్దరూ ప్రేమగానే చెప్పేవారు. ఐదు నెలలపాటు ఆ ప్రేమను భరించింది దేముడమ్మ. ఇంటికెళ్లి కూర్మయ్య మీద కేకలేసేది, అతను పాపం చేసిన తప్పేమీ లేకపోయినా.

ఆషాఢంలో ఒకరోజు గాలివాన పట్టుకుంది. జల్లు వరండాలోకి కొట్టి లేబుళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఈ పూటకి ఇంటికెళ్లిపో అని బుల్లమ్మ గుమ్మంలోంచి చెప్పి లోపలికెళ్లింది. దేముడమ్మ చక్రాల మీద చేతులు వేసి తోసింది. గుట్ట అంచున పడున్న చెప్పుల మీంచి కుర్చీ ఎగుడుదిగుడుగా దాటి హాలులోకి వచ్చేసింది. తెల్లని నేల మీద వెనకాల రెండు బురద గీతలు పడ్డాయి. పనిచేస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆగే," అంది బుల్లమ్మ.

హాలు మధ్యలో ఆగింది. తడిగుడ్డ ఇమ్మంది. ఎవరూ కదల్లేదు. భుజం మీదున్న తువ్వాలు వానకి ఎలాగూ తడిసింది, దాంతోనే కుడిచక్రం తిప్పుకుంటూ తుడిచింది, తరవాత ఎడమది. ముందున్న చిన్నచక్రాల కోసం వంగితే పడబోయింది. రాజకుమారి లేవబోతే నువ్వు కూర్చో అంది. అవీ తుడిచింది. వెనకనున్న గీతలు మాత్రం ఆవిడకి అందవు.

బుల్లమ్మ వెళ్లి బకెట్టూ గుడ్డా తెచ్చి, గుమ్మం నుంచి కుర్చీ దాకా వంగి తుడుచుకుంటూ వచ్చింది. నడుం పట్టుకుని లేచి, శుభ్రమైన నేల వంకా, చక్రాల వంకా చూసింది.

"ఇంతేనేటే? ఈ మాట ముందే సెప్పకపోయావా."

దేముడమ్మకు వచ్చింది ఏడుపు కాదు, ఒట్టి కోపం.

"సెప్పినాను వొదినా. మొదటిరోజే ఆ గుమ్మంలో సెప్పినాను. బోర్లా పడుకోని సెప్పినాను. వరండాలో కూకోని రోజూ సెప్పతన్నాను. నువ్వు ఇన్నావు, బాబు ఇన్నాడు. నాకు పుండు పడినాక కూడా ఎవులూ గుడ్డ తడపనేదు."

బుల్లమ్మ గుడ్డను బకెట్లో వేసింది. నలుగురు ఆడవాళ్లు వెళ్లి వరండాలోని బల్ల మోసుకొచ్చి, తుడిచి, కిటికీ పక్కన వేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రాజకుమారి తన గోనె తీసుకుని పక్కకి జరిగింది. అందరూ దేముడమ్మ నవ్వుతుందేమోనని చూస్తున్నారు. ఆవిడ నవ్వలేదు. చేతులు ఆనించి ఒళ్లు పైకెత్తి, మళ్లీ కూర్చుని, ట్రే దగ్గరకు లాక్కుంది. సాయంత్రం దాకా పప్పు ఏరింది.