తల తెగని రాజు

ఎమర్జెన్సీ రోజుల్లో నేను కిషన్‌బాగ్‌లో ఒక ప్రైవేటు బడిలో చరిత్ర చెప్పేదాన్ని. వార్షికోత్సవానికి పిల్లలచేత ఇంగ్లండ్ చరిత్ర మీద నాటిక వేయించాను. పార్లమెంటును మూసేసి తన మాటే చట్టమన్న రాజును, పార్లమెంటు మనుషులు యుద్ధంలో ఓడించి, విచారించి, తల తీయిస్తారు.

రిహార్సల్ చూసి హెడ్మాస్టరు హడలిపోయాడు. ముఖ్య అతిథిగా వచ్చేది అధికార పార్టీ నాయకుడు.

"రాజును చంపుడేంది టీచరమ్మా? లొల్లయితది. పార్లమెంటోళ్లే రాజు కాళ్లు మొక్కి మాఫీ అడిగినట్టు మార్చు."

"అలా జరగలేదండీ," అన్నాను.

"జరిగిందో లేదో నాకెందుకు? బడి నడవాలె."

నేను ఒప్పుకోలేదు. డ్రిల్లు మాస్టారు సంతోషంగా మార్చాడు.

ఆ సాయంత్రం స్టేజీ మీద పిల్లలంతా రాజు వేషం కాళ్ల మీద పడ్డారు. పార్లమెంటు స్పీకరు వేషం వేసిన, బార్కస్ బస్తీ నుంచి వచ్చే అమ్మాయి మాత్రం వంగలేదు. డ్రిల్లు మాస్టారు తెరచాటు నుంచి వచ్చి ఆమె మెడ పట్టుకుని వంచాడు. నాయకుడు పగలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. స్టాఫ్ రూములో రోజూ గుసగుసగా ప్రభుత్వాన్ని తిట్టే టీచర్లు లేచి నిలబడి మరీ కొట్టారు.

స్టేజీ ఎక్కి ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. ఏడుస్తూ అడిగింది: "టీచర్, పుస్తకంల గిట్ల లేదు కదా?"

"లేదమ్మా," అన్నాను.

ఆ వారమే రాజీనామా ఇచ్చి సైదాబాద్‌లో వేరే బడి చూసుకున్నాను. వెళ్లేరోజు ఆ టీచర్లే నాకు దండ వేసి, నా ధైర్యాన్ని మెచ్చుకుంటూ సమోసాలు పెట్టారు. ముట్టుకోబుద్ధి కాలేదు.