జానీ బీ గదిలో చెక్క నేల

తెనాలిలో షబానా ఇంట్లో ఒక్క గదికే చెక్క నేల ఉంది. అది ఆమె అత్త జానీ బీ గది. చూపు మందగించిన జానీ బీ ఓసారి టైల్స్ మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కూడా కాలు కింద మోపాలంటే వణికిపోయేది. వడ్రంగం చేసే ఆమె కొడుకు, షబానా భర్త అమ్జద్ బాపట్లలో కూల్చేస్తున్న ఓ మేడ నుంచి టేకు పలకలు తెచ్చి గదిలో పరిచాడు. పాదానికి చెక్క తగిలాక ఆమెకు ధైర్యం వచ్చింది. గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచేది.

ఆ నేల బాగోగులన్నీ షబానావే. గీతలు పడతాయని ఇసుక లేకుండా మెత్తటి చీపురుతో ఊడ్చేది. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేసేది.

చెల్లెలికి కాన్పైందని షబానా రేపల్లె వెళ్ళింది. పగలు అమ్జద్ పనికి పోతాడు గనుక అత్తను పక్కింటి ప్రమీలారాణికి అప్పగించింది. ఆ రోజే జానీ బీ చేతిలో పాలు ఒలికాయి. వాసన వస్తుందని ప్రమీలారాణి బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి కడిగింది.

షబానా తిరిగొచ్చేసరికి తడికి పలకల అంచులు పైకి లేచి ఉన్నాయి.

"కాలికి తట్టుకుంటోందమ్మా. నేనింక దిగను," అంది జానీ బీ మంచం మీద నుంచే.

ప్రమీలారాణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మంచికే అనుకున్నాను వదినా."

"అత్తమ్మ కోసమే కదండీ చేశారు, ఊరుకోండి," అంది షబానా. లోపల మాత్రం దిగులు.

సాయంత్రం అమ్జద్ అంచులు తడిమి చూశాడు. "చిత్రిక పట్టేస్తే సాపవుతుంది."

"తడి మీద పట్టేస్తే, ఆరాక అంచులు పల్లమవ్వవా?" అంది షబానా.

అతను తలూపాడు. "అవుతాయి. ముందు ఆరనిద్దాం."

కిటికీలు తెరిచి ఫ్యాను వేసి ఉంచారు. వానలు, గాలిలో చెమ్మ. రోజులు గడుస్తున్నా తేడా లేదు. అత్తకు అన్నం మంచం దగ్గరికే. పలకలన్నీ పీకేయాలేమోనని షబానాకు భయం పట్టుకుంది.

వానలు తగ్గాక ఓ ఉదయం తుడుస్తుంటే ఆమె చెయ్యి ఎక్కడా తట్టుకోలేదు. మళ్ళీ రాసి చూసింది. "ఏమండీ, ఇలా రండి!"

అమ్జద్ నేల మీద తిన్నటి చెక్క బద్ద పెట్టి చూసి నవ్వాడు. "అంచులు దిగిపోయాయే!"

జానీ బీ మెల్లగా పాదం మోపి, బొటనవేలితో నొక్కి చూసుకుంది. "నా చెయ్యి వదులమ్మా," అని కోడలితో అని, కిటికీ చేరి గట్టిగా కేకేసింది: "ప్రమీలా! చూడవే, వచ్చాను!"

పిండి చేతులతోనే ప్రమీలారాణి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. షబానా అక్కడే నేల మీద చతికిలబడి, చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.