కరెంటు లేకుండా అతికిన ఇనుము

డెబ్బైల చివర్లో నేను కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టరు వర్క్‌షాపులో వెల్డర్‌ని. ఒక గురువారం మధ్యాహ్నం యాభై దాటిన ఇంగ్లీషావిడ ఒకామె వచ్చి, పారేసే ఉక్కు దిమ్మ ఏదైనా ఉంటే ఇమ్మని ఫోర్‌మన్‌ని అడిగింది. పొట్టి మనిషి, తెల్లజుట్టు. ఆయిల్ కంపెనీవాళ్ల పిల్లలకు లెక్కలు చెప్పే టీచరట. దిమ్మను కారు డిక్కీలోకి ఎక్కించి, "దేనికి మేడమ్?" అన్నాను.

"దాగలి కోసం, ఇనుము పెట్టి కొట్టడానికి. రేపు ఎడారిలో కమ్మరం చేస్తాను. అక్కడ దింపడానికి వస్తారా?"

ఆ దేశంలో నన్ను ఎవరూ అట్లా మర్యాదగా రమ్మని పిలిచింది లేదు. ఫోర్‌మన్ నోట 'యల్లా, యల్లా' అని తరమడం తప్ప వేరే మాట రాదు. సరేనన్నాను.

మర్నాడు శుక్రవారం, సెలవు. పోయి చూస్తే ఇసుకలో గుడారాలు. ఆఫీసుల్లో టై కట్టుకుని తిరిగే ఇంగ్లీషువాళ్లు కంచె తీగతో అల్లిన ఇనుప చొక్కాలు వేసుకుని చెక్క కత్తులతో యుద్ధం చేస్తున్నారు. చలికాలంలో నెలకోసారి కలిసి, ఏడెనిమిది వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో జనం ఎట్లా బతికారో అట్లా ఒకరోజు బతుకుతారట. నాకు నవ్వొచ్చింది.

ఆమె కొలిమి ముట్టించేదాకానే ఆ నవ్వు. సగానికి కోసిన ఆయిల్ డ్రమ్ము, సూక్ బజారులో కొన్న బొగ్గులు, తానే కుట్టుకున్న తోలు తిత్తి. కడ్డీని రింగులా వంచి, రెండు కొసలూ కలిపి, ఏదో తెల్లపొడి చల్లి నిప్పుల్లో పెట్టింది. తెల్లగా కాలాక తీసి నాలుగు దెబ్బలు వేసింది. చల్లారాక చేతికిస్తే అతుకు ఎక్కడుందో నాకు కనపడలేదు. పదేళ్లుగా ఇనుము అతికించి అన్నం తింటున్నవాణ్ణి!

"నాకు నేర్పిస్తారా మేడమ్?"

"మీకున్న ఒక్క సెలవూ పోతుందే."

"మీకూ అంతే కదా."

రూములో మా రాయచోటి వాళ్లు నవ్వినారు. "శుక్రారం గూడా ఇనుము కొట్టేకి పోతాండావా? పిచ్చేమన్నా పట్టిందా నీకు?"

ప్రతి శుక్రవారం పోయినా మొదటి రెండు నెలలూ నా రింగులన్నీ విడిపోయాయి. "గట్టిగా కొట్టకండి, త్వరగా కొట్టండి," అనేది ఆమె. విసుక్కోవడం ఒక్కసారీ చూడలేదు. అంతలో ఆ తెల్లపొడి అయిపోయింది. జల్లెడ పట్టిన ఇసుక చల్లి చూశాం, కుదరలేదు. పొడి వేడికి పొంగి గాజులా కరగడం గుర్తొచ్చి, అది మా ఊరి కంసాలి వాడే వెలిగారమేనని తట్టింది. బస్సెక్కి కువైట్ సిటీకి పోయి, ఒక హైదరాబాదు కంసాలిని అడిగి పొట్లం తెచ్చాను. అది చూసి ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ నెల గుడారాలవాళ్ల విందుకు మాంసం వండే పెద్ద కుండను గొలుసుతో వేలాడదీయాలి. రింగులన్నీ తను చేసి, చివరిది నాకు వదిలింది. చుట్టూ జనం. రెండుసార్లు విడిపోయింది. ఇనుప చొక్కా వేసుకున్న ఒకాయన, "ఆలస్యమవుతోంది, మీరే చేసెయ్యండి," అన్నాడు ఆమెతో.

"అది ఆయన రింగు," అని ఆమె తిత్తి ఊదడానికి కూచుంది.

మూడోసారి మంట వైపు కాకుండా ఇనుము రంగునే చూశాను. వెన్నలా మెరిసి, ఒక్క రవ్వ లేవగానే తీసి కొట్టాను. అతికింది. కుండ ఎక్కింది, మాంసం ఉడికింది, అందరం తిన్నాం.

పై నెల ఆమె హాక్సా రంపం తెచ్చి ఆ గొలుసులో తన రింగొకటీ, నా రింగూ అతుకు దగ్గర కోసింది. తన అతుకులో వెంట్రుకంత నల్లగీత, అంటే అక్కడ పూర్తిగా అతకలేదు. నా దాంట్లో గీత లేదు. రెండూ అరచేతిలో పెట్టుకుని గుడారం గుడారానికీ తిరిగి చూపించింది, ఏది ఎవరిదో చెబుతూ. తిరిగొచ్చి, "రంగు ఎట్లా కనిపెడుతున్నారో నాకు చెప్పండి," అని నా పక్కన ఇసుకలో కూచుంది.